మా అక్కతో మాట్లాడిన డాక్టరమ్మ: నల్లగొండలోని ఒక స్త్రీల క్లినిక్ గురించి

నల్లగొండ పట్టణంలో ఒక మహిళా గైనకాలజిస్టు నడుపుతున్న క్లినిక్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. కింద ఓపీ, పైన కొద్దిపాటి పడకలు, ఒక ఆపరేషన్ థియేటర్ ఉన్న చిన్న ఆసుపత్రి అది. మా అక్కకు కొన్ని నెలలపాటు అక్కడ వైద్యం జరిగింది, చాలాసార్లు తోడుగా వెళ్లింది నేనే. క్లినిక్ పేరు గానీ డాక్టరు పేరు గానీ ఇందులో కనిపించవు. తన ఆరోగ్యం గురించి రాయడానికి అక్క ఒప్పుకుంది కానీ, డాక్టరు పేరు పెడితే మా వైపు వాళ్లకు ఇది ఎవరి సంగతో ఇట్టే తెలిసిపోతుందని, పేరు లేకుండా రాయమని కోరింది. రాసినదంతా ఆమెకు చదివి వినిపించాను, వద్దన్న మాటలు తీసేశాను. పేరు తెలియకపోయినా, ఒక మంచి డాక్టరు దగ్గర పేషెంటు నిర్ణయం ఎలా జరుగుతుందో తెలిస్తే, మీరు వెళ్లే ఆసుపత్రిలో ఏం గమనించాలో, ఏం అడగాలో తెలుస్తుందని నా నమ్మకం.

అక్కది చండూరు దగ్గరి పల్లె. వయసు 43. మూడెకరాల్లో పత్తి వేస్తారు, సొంత పని లేని రోజుల్లో బత్తాయి తోటల్లో కూలికి పోతుంది. ఇద్దరు పిల్లలు పుట్టాక, ఇరవై మూడేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఆ రోజు ఏ ఊరికి తీసుకుపోతున్నారో చెప్పారు తప్ప ఏం చేయబోతున్నారో తనకు ఎవరూ విడమర్చి చెప్పలేదని అక్క ఇప్పటికీ అంటుంది. ఏడాదికి పైగా ఆమెకు నెలసరిలో రక్తస్రావం విపరీతంగా అవుతూ వచ్చింది. పది పన్నెండు రోజులు ఆగేది కాదు. బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరు కొన్నాళ్లు ఇంజెక్షన్లు ఇచ్చి, తగ్గకపోయేసరికి తనకు తెలిసిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెంటబెట్టుకుని తీసుకుపోయాడు.

ఆ మొదటి ఆసుపత్రిలో జరిగినది చెప్తే తప్ప ఈ క్లినిక్ విలువ అర్థం కాదు కనుక క్లుప్తంగా రాస్తాను. స్కానింగ్ అయ్యాక "పేషెంటు వాళ్లు ఎవరు?" అని అడిగి మా బావను లోపలికి పిలిచారు. అక్క బయట బెంచీ మీద కూర్చునే ఉంది. గర్భసంచిలో గడ్డలున్నాయని, అశ్రద్ధ చేస్తే క్యాన్సర్‌కు దారి తీస్తుందని, రెండు రోజుల్లో సంచి తీసేస్తే పీడ పోతుందని, ఎలాగూ కోస్తున్నాం కాబట్టి అండాశయాలు కూడా తీసేస్తే మళ్లీ ఏ బాధా ఉండదని బావతో చెప్పారు. డబ్బు ఎప్పుడు కడతారో కూడా అప్పుడే మాట్లాడుకున్నారు. బావ బయటికి వచ్చి "ఎల్లుండి ఆపరేషన్" అన్నాక గానీ అక్కకు విషయం తెలియలేదు. స్కానింగ్ రిపోర్టు అడిగితే, అది ఫైల్లో ఉంటుంది, ఆపరేషన్‌కు వచ్చినప్పుడు చూసుకోవచ్చు అన్నారు. వైద్యులకు వర్తించే 2002 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం, పేషెంటు గానీ ఆమె అనుమతి పొందినవారు గానీ అడిగితే వైద్య రికార్డులను 72 గంటల లోపు ఇవ్వాలి. ఈ నియమం చెప్పి గట్టిగా అడిగిన తరువాతే రిపోర్టు చేతికి వచ్చింది.

ఇది మా ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో నలభై ఏళ్లు నిండకుండానే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు వాడకు కొందరు కనిపిస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీల శాతం దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు దానికి ఎంతో మించి, దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. పిల్లలు పుట్టేశారు కదా, ఇక ఆ సంచితో పనేముంది అనే మాట ఇళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ ఒకేలా వినిపిస్తుంది. కూలికి పోయే మనిషికి నెలకు పది రోజులు పని పోతుంటే, ఒక్కసారిగా వదిలించుకోవాలనిపించడం సహజమే, దాన్ని నేను తప్పుబట్టను. అయితే ఆ ఆలోచన ఆమెకు కలగడం వేరు, ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి ఇంకొకరితో ఖాయం చేసుకోవడం వేరు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇస్తూ, వీటిని అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను 3 నెలల్లోగా అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ వ్యాజ్యం బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఆపరేషన్ల గురించి వేసినదైనా, మన జిల్లాల వాళ్లు చదివితే పక్కింటి సంగతి చదివినట్టే ఉంటుంది.

ఇక క్లినిక్ సంగతి. మొదటి రోజు మమ్మల్ని లోపలికి పిలిచినప్పుడు బావ, నేను, అక్క ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ బల్లకు పక్కగా, తనకు దగ్గరగా ఉన్న కుర్చీలో అక్కను కూర్చోమని, మమ్మల్ని కొంచెం వెనక ఉన్న కుర్చీల్లో కూర్చోమన్నారు. "చెప్పమ్మా, నీకు ఏం ఇబ్బందిగా ఉంది?" అని అడిగారు. అలవాటు ప్రకారం బావ జవాబు మొదలుపెట్టాడు. ఆమె విసుక్కోలేదు. "మీరు చెప్పేది కూడా వింటానయ్యా, ముందు అమ్మను చెప్పనివ్వండి" అని మళ్లీ అక్క వైపే తిరిగారు. అక్క కొంతసేపు తల వంచుకుని ఊరుకుంది. ఆ మౌనాన్ని నింపడానికి డాక్టరమ్మ తొందరపడలేదు, పెన్ను పక్కన పెట్టి ఎదురుచూశారు. తరువాత అక్క చెప్పిన వాటిలో నాకు కూడా తెలియనివి ఉన్నాయి. పరీక్ష చేసేటప్పుడు మా ఇద్దరినీ బయటికి పంపి, నర్సును మాత్రం లోపల ఉంచుకున్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పకూడని విషయం ఏదైనా ఉంటే అది తన దగ్గరే ఉంటుందని అప్పుడు అక్కతో అన్నారట. ఆ ఒక్క మాటతో తనకు సగం భయం పోయిందని అక్క చెప్పింది.

మా వైపు ఇళ్లలో ఆడవాళ్ల వైద్యం ఇంటిల్లిపాదీ మాట్లాడుకునే విషయం. డబ్బు తెచ్చేది భర్త, ఆసుపత్రిలో తోడుండేది తల్లో చెల్లెలో, వంట చేసిపెట్టేది అత్తో కోడలో. వీళ్లందరినీ గది బయట నిలబెట్టి పేషెంటు ఒక్కరితోనే తేల్చేసుకోవాలని అనేవాళ్లు మన ఊళ్లను ఎరగనివాళ్లు. ఈ డాక్టరమ్మ చేసింది అది కాదు. ముందు అక్కతో మాట్లాడారు, ఇంట్లోవాళ్లకు ఏమేం చెప్పవచ్చో అక్కనే అడిగారు, ఆ తరువాత బావను పిలిచి, అక్క ఎదుటే, అవే మాటలు చెప్పారు. కుటుంబం గదిలోనే ఉంది, కానీ మాట ఎవరితో నడుస్తోందో అందరికీ తెలిసేలా ఉంది. నా దృష్టిలో ఈ క్లినిక్‌లో అన్నిటికంటే గొప్ప గుణం ఇదే.

పరీక్షల విషయానికి వస్తే, అక్క హిమోగ్లోబిన్ 7.8 ఉంది. అంత రక్తం తక్కువగా ఉన్నప్పుడు రెండు రోజుల్లో ఆపరేషన్ చేస్తామన్న మొదటి ఆసుపత్రి తొందర నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ముందు రక్తస్రావం తగ్గడానికి మాత్రలు, రక్తం పట్టడానికి ఐరన్ సెలైన్లు మొదలుపెట్టారు. నలభై దాటినవాళ్లలో ఇలాంటి రక్తస్రావం ఉంటే క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవాలని చెప్పి, గర్భసంచి లోపొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. ఫలితం వచ్చాక అందులో ఏ తేడా లేదని, స్కానింగ్‌లో కనిపించే గడ్డలు ఫైబ్రాయిడ్లని, అవి క్యాన్సర్‌గా మారడం చాలా అరుదని అక్కకు చెప్పారు. మొదటి చోట బావ గుండెల్లో పెట్టిన భయం ఆ పూటతో దిగిపోయింది.

ఆ తరువాత ఒక తెల్ల కాగితం తీసుకుని గర్భసంచి బొమ్మ గీశారు. గడ్డలు ఎక్కడున్నాయో పెన్నుతో గుండ్రాలు చుట్టి, పక్కన అండాశయాలు గీసి, ఏది ఏ పని చేస్తుందో చెప్పారు. కింద మార్గాలన్నీ తెలుగులో రాశారు. మాత్రలతో నెట్టుకురావడం ఒకటి. నెలసరి పూర్తిగా ఆగే వయసు వచ్చాక ఫైబ్రాయిడ్లు సాధారణంగా చిన్నవవుతాయి కాబట్టి అప్పటిదాకా ఓపిక పట్టవచ్చు. హార్మోన్ ఉన్న లూప్ గర్భసంచిలో వేయించుకోవడం ఇంకొకటి. దానితో చాలామందికి రక్తస్రావం బాగా తగ్గుతుంది, మొదటి కొన్ని నెలలు అడపాదడపా మరకలు కనిపిస్తాయి, లూప్ కొన్నేళ్లపాటు పనిచేస్తుంది, అయితే గడ్డల వల్ల లోపలి ఆకారం మారి ఉంటే జారిపోయే అవకాశం ఉంది. గడ్డలను మాత్రమే తీయడం, హైదరాబాద్ పోయి గడ్డలకు రక్తం అందించే నాళాలను మూయించుకోవడం కూడా ఉన్నాయని చెప్పారు. చివరన గర్భసంచి తీసేయడం. ప్రతి దాని పక్కన దాదాపు ఎంత ఖర్చవుతుందో, ఎన్నాళ్లు పనికి పోకూడదో రాశారు. తన క్లినిక్‌లో ఆరోగ్యశ్రీ లేదని, ఆపరేషనే కావాలనుకుంటే ప్రభుత్వ ఆసుపత్రికి కూడా వెళ్లవచ్చని, అందుకు కావలసిన కాగితాలు ఇస్తానని అడగకుండానే చెప్పారు. సొంత క్లినిక్ నడుపుకునే డాక్టరు నోట ఈ మాట రావడం నేను అరుదుగా విన్నాను.

అంతా విన్నాక అక్క ఏమందంటే, "గివన్ని నాకేం తెలుస్తయి మేడం, మీకు ఏది మంచిగనిపిస్తే అది చేయుర్రి." పేషెంటు స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఇక్కడికి వచ్చేసరికి తడబడతారు. నిర్ణయం నీదే అని చెప్పి చేతులు దులుపుకునే డాక్టర్లను నేను చూశాను. అది గౌరవం కాదు, బరువును అవతలి మనిషి నెత్తి మీద పెట్టి తప్పుకోవడం. చదువుకోని మనిషి డాక్టరును సలహా అడిగితే, ఆ అడగడం కూడా ఆమె ఇష్టప్రకారం చేసిన పనే. డాక్టరమ్మ తన అభిప్రాయం దాచలేదు. "నన్ను అడిగావు కాబట్టి చెప్తున్నానమ్మా. నేనైతే ముందు లూప్ వేసి ఆరు నెలలు చూద్దామంటాను. కానీ పొద్దున లేస్తే పనికి పోయేది నువ్వు, బాధ పడేది నువ్వు. నీకు ఏది అన్నిటికన్నా కష్టంగా ఉందో, దేనికి భయపడుతున్నావో చెప్పు, అప్పుడు నా సలహా మారినా మారవచ్చు" అన్నారు. అప్పుడు అక్క తన పెళ్లయిన తొలినాళ్లలో కాపర్-టీ వేయించుకుని పడిన బాధ చెప్పింది. లోపల ఏదో ఉందన్న ఊహే తనకు పడదని చెప్పింది. డాక్టరమ్మ ఆ లూప్‌కూ ఈ లూప్‌కూ తేడా ఏమిటో ఒకసారి వివరించి, అప్పటికీ వద్దంటే ఆ మార్గం పక్కన పెడదామన్నారు. కాగితం మడిచి అక్క చేతికి ఇచ్చి, తొందరేమీ లేదు, మాత్రలు వాడుతూ ఇంటికి పోయి ఆలోచించుకుని రమ్మన్నారు.

ఆ కాగితం అక్క బియ్యం డబ్బాలో దాచుకుని, కూతురితో చదివించుకుని, నాకు ఫోన్ చేసి ఒక్కొక్కటీ మళ్లీ అడిగేది. మాత్రలతో రక్తస్రావం కొంత తగ్గింది కానీ పూర్తిగా అదుపులోకి రాలేదు. నాకు ఆపరేషన్ ఇష్టం లేదు, లూప్ ప్రయత్నించమని ఒకటికి రెండుసార్లు చెప్పాను. అక్క వినలేదు. పత్తి ఏరడం అయిపోయాక, సంక్రాంతి పండుగ కూడా గడిచాక, గర్భసంచి తీయించుకుంటానని తానే తేదీ అనుకుని క్లినిక్‌కు వచ్చింది. అప్పటికి హిమోగ్లోబిన్ 10.9కి చేరింది. డాక్టరమ్మ మరోసారి అన్నీ అడిగి, అక్క స్థిరంగా ఉందని తెలుసుకుని సరేనన్నారు. తాను చెప్పిన సలహాకు భిన్నంగా పేషెంటు ఎంచుకుందని ముఖం చిన్నబుచ్చుకోలేదు, మాటలో తేడా రాలేదు.

చివరికి అదే ఆపరేషన్ చేయించుకున్నప్పుడు ఇన్ని నెలలు తిరిగి లాభమేమిటని బావ అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. మొదటి చోట అయితే రక్తం 7.8 ఉండగా, బయాప్సీ లేకుండా, క్యాన్సర్ భయంతో, పత్తి చేను మీద ఉన్న రోజుల్లో జరిగేది. అన్నిటికీ మించి అండాశయాలు పోయేవి. 43 ఏళ్ల మనిషికి ఆరోగ్యంగా ఉన్న అండాశయాలు తీసేస్తే ఒక్కసారిగా ముట్లు ఆగిపోయిన స్థితి వస్తుంది. ఒళ్లు ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, తరువాతి ఏళ్లలో ఎముకల బలం తగ్గడం, గుండె జబ్బు అవకాశం పెరగడం దాని వెంట వస్తాయి. రోజంతా నడుము వంచి పని చేసే మనిషికి ఎముకల బలం అంటే బతుకుదెరువే. ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు, నడుములు పట్టేసిన పెద్దవాళ్లను ఇంటింటా చూసిన మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ప్రాంతంలో ఈ సంగతి ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. ఇవన్నీ అక్కకు డాక్టరమ్మ చెప్పారు, అక్క విని అండాశయాలు ఉంచమంది.

ఆపరేషన్‌కు ముందు రోజు జరిగిన సంభాషణను నేను ప్రత్యేకంగా రాయాలి. "లోపల చూశాక అండాశయాల్లో తేడా ఏదైనా కనిపిస్తే ఏం చేయమంటావమ్మా? మత్తులో ఉంటావు, అప్పుడు నిన్ను అడగలేను, అందుకే ఇప్పుడు అడుగుతున్నా" అన్నారు. అక్క కాసేపు ఆలోచించి, "క్యాన్సర్ లెక్క అనుమానం కొడితే తీయుర్రి మేడం, లేకుంటే ముట్టకుర్రి" అంది. గర్భసంచికీ అండాశయాలకూ మధ్య ఉండే ట్యూబుల గురించి విడిగా అడిగారు. అవి తీసేస్తే ముందుముందు అండాశయ క్యాన్సర్ ముప్పు కొంత తగ్గుతుందని చెబితే, అవి తీయడానికి ఒప్పుకుంది. ఈ రెండు మాటలనూ డాక్టరమ్మ ఒప్పుదల పత్రం మీద స్వయంగా తెలుగులో రాసి, చదివి వినిపించి, దాని కింద సంతకం తీసుకున్నారు.

ఈ ప్రశ్న ముందే అడగడం ఎంత అవసరమో తెలియాలంటే సమీరా కోహ్లీ కేసు గుర్తు చేసుకోవాలి. 1995లో ఢిల్లీలో, 44 ఏళ్ల ఆమె ఎక్కువ రోజులు రక్తస్రావం అవుతోందని డాక్టరు ప్రభా మన్‌చందా క్లినిక్‌కు వెళ్లారు. కారణం తెలుసుకోవడానికి ల్యాప్రోస్కోపీ (చిన్న గాటు పెట్టి కెమెరాతో కడుపు లోపల చూసే) పరీక్ష అని మత్తు ఇచ్చారు. ఆమె స్పృహలో లేని సమయంలో బయట ఉన్న తల్లి చేత ఒప్పుదల తీసుకుని గర్భసంచి, అండాశయాలు, ట్యూబులు తీసేశారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ప్రాణాపాయం లేనప్పుడు, మత్తు దిగేదాకా ఆగి ఆమెనే అడిగే వీలున్నప్పుడు, వయసు వచ్చి తెలివిడి ఉన్న మనిషి బదులు తల్లి ఇచ్చిన ఒప్పుదల చెల్లదు, పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల చికిత్సకు ఇచ్చినట్టు కాదు. చికిత్స ఏమిటి, ఎందుకు, ఇంకే మార్గాలున్నాయి, చెప్పుకోదగ్గ ముప్పులేమిటి, వద్దంటే ఏమవుతుంది అనే వివరాలు పేషెంటుకు తెలిసి ఇచ్చినదే నిజమైన ఒప్పుదల అని ఆ తీర్పు స్పష్టం చేసింది. డాక్టరుకు ఫీజు అడిగే హక్కు లేదని, 25,000 రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. కోల్పోయినదానితో పోలిస్తే ఆ మొత్తం చాలా తక్కువని నాకు అనిపిస్తుంది. అయినా ఆ తీర్పు ఇచ్చిన రక్షణ చిన్నది కాదు. మా బావను గదిలోకి పిలిచి, అక్కను బెంచీ మీద ఉంచి ఖాయం చేసిన ఆపరేషన్‌కు ఆ తీర్పు వెలుగులో విలువ ఏపాటిదో చదివేవారే ఆలోచించవచ్చు.

క్లినిక్‌లో లోపాలు లేవని కాదు. మొదటిది ఒప్పుదల పత్రమే. అచ్చు వేసిన ఫారం మొత్తం ఇంగ్లీషులో ఉంది. డాక్టరమ్మ చేత్తో తెలుగులో రాసిన నాలుగు వాక్యాలు అక్కకు అర్థమయ్యాయి, అచ్చులో ఉన్న రెండు పేజీలు ఆమెకు పనికిరాలేదు. నర్సు చదివి చెప్పింది నిజమే, కానీ ఆమె కొన్ని వాక్యాలు దాటేయడం నేను గమనించాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకునే చోట తెలుగు ఫారం అచ్చు వేయించడం పెద్ద పని కాదు. ఆ మాట వాళ్లకు చెప్పాను, చూస్తామన్నారు. ఇంకో విషయం, కౌంటర్ దగ్గర ఉండే అబ్బాయికి డాక్టరమ్మ పద్ధతి ఒంటబట్టలేదు. అక్క సంతకం పెట్టాక "భర్త సంతకం కూడా కావాలి" అని ఫారం వెనక్కి ఇచ్చాడు. వయసు వచ్చిన స్త్రీ తన శరీరానికి చేయించుకునే ఆపరేషన్‌కు ఆమె ఒప్పుదలే కావాలి. సాక్షిగా ఎవరైనా సంతకం పెట్టవచ్చు, అది అనుమతి కాదు. డాక్టరమ్మ విని, బావ సంతకం సాక్షి గడిలో పెట్టించారు. అప్పటికే అక్క ముఖంలో వచ్చిన తడబాటు నాకు బాధ కలిగించింది. డాక్టరు గదిలో ఎంత గౌరవం దొరికినా, కౌంటర్ దగ్గర అది పోతే లాభం తక్కువ.

ఎదురుచూపు కూడా ఎక్కువే. ఒక్కొక్కరికి అంత సమయం ఇస్తే బయట కూర్చున్నవాళ్ల పొద్దు గడవక తప్పదు. ఉదయం టోకెన్ తీసుకున్నా మధ్యాహ్నం భోజనం వేళ దాటుతుంది, దూరపు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లకు ఇది కష్టం. ఫోన్‌లో టోకెన్ ఇచ్చే ఏర్పాటు చేస్తే సగం ఇబ్బంది తీరుతుంది. ఓపీ ఫీజు 300 రూపాయలు, పదిహేను రోజుల్లో మళ్లీ వస్తే తీసుకోరు. మందులు, రక్త పరీక్షలు ఇక్కడే చేయించుకోవాలన్న ఒత్తిడి లేదు. చీటీ స్పష్టమైన అక్షరాల్లో ఉంటుంది, బయట ఎక్కడైనా కొనుక్కోవచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉన్నవే ఇవి: వివరాలు తెలుసుకునే హక్కు, రికార్డులు పొందే హక్కు, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, మందులూ పరీక్షలూ ఎక్కడ అన్నది ఎంచుకునే హక్కు. చాలా ఆసుపత్రుల్లో ఇవి గోడ మీద కూడా కనిపించవు. ఇక్కడ గోడ మీద లేవు గానీ పనిలో ఉన్నాయి. ఆపరేషన్ ఖర్చు ముందు చెప్పిన 40 వేల లోపే అయింది.

దేవరకొండ వైపు తండాల నుంచి కూడా చాలామంది స్త్రీలు ఇక్కడికి వస్తారు. వాళ్ల కోసం లంబాడీ మాట్లాడే నర్సును ఓపీలో ఉంచారు. ఒక పెద్దావిడకు ఆమె భాషలో చెప్తుంటే, ఆమె తిరిగి ప్రశ్నలు వేయడం నేను విన్నాను. తెలుగులో చెప్పినంతసేపూ ఆ పెద్దావిడ తల ఊపుతూ కూర్చుంది, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తల ఊపితే ఒప్పుకున్నట్టు రాసుకునే ఆసుపత్రులకు ఈ తేడా ఎన్నటికీ తెలియదు.

మా చిన్నమ్మ కూతురు కాన్పు కోసం ఈ క్లినిక్‌లోనే చూపించుకుంది. దాని గురించి కూడా ఒక మాట, ఎందుకంటే పేషెంటు ఏది అడిగితే అది చేసే చోటని ఎవరూ అనుకోకూడదు. తెలంగాణలో సిజేరియన్లు దేశంలోనే అత్యధికం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ముహూర్తం చూసి కోయించడం ఇందులో ఒక భాగం. మా చెల్లెలి అత్తగారు పంతులు రాసిచ్చిన చీటీ తెచ్చి బల్ల మీద పెట్టారు. డాక్టరమ్మ ఆ చీటీని పక్కకు నెట్టలేదు. ముందు చెల్లెలిని అడిగారు, "నీకు ఏది ఇష్టం?" అని. మామూలు కాన్పుకు ప్రయత్నిస్తానని ఆమె మెల్లగా చెప్పింది. అప్పుడు అత్తగారికి, ఆ ముహూర్తానికి 39 వారాలు నిండవని, వైద్యపరమైన అవసరం లేకుండా అంతకు ముందే బిడ్డను తీస్తే ఊపిరి సంబంధమైన ఇబ్బందులు రావచ్చని, అలాంటి ఆపరేషన్ తాను చేయనని నెమ్మదిగా, గట్టిగా చెప్పారు. వేరే చోటికి వెళ్లాలనుకుంటే ఫైలు ఇస్తానన్నారు. చికిత్స వద్దనే హక్కు పేషెంటుకు పూర్తిగా ఉంది, కానీ హాని చేసే పని చేసి తీరాలని డాక్టరును కోరే హక్కు ఎవరికీ లేదు, అందులోనూ పేషెంటు తరఫున ఇంకొకరికి అసలే లేదు. అత్తగారు కినుక వహించారు. చెల్లెలు మాత్రం అక్కడే ఉండిపోయింది. నొప్పులు మొదలయ్యాక బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గడంతో చివరికి సిజేరియనే అవసరమైంది. అప్పుడు కూడా, ఆ హడావిడిలో, ఎందుకో రెండు వాక్యాల్లో చెల్లెలికి చెప్పి ఒప్పుదల తీసుకున్నాకే థియేటర్‌కు తీసుకుపోయారు.

అక్క ఆపరేషన్ తరువాత అయిదో రోజు ఇంటికి వెళ్లింది. తీసిన గర్భసంచి పరీక్షకు పంపిన రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి కాగితం అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఆమె చేతికే ఇచ్చారు. అండాశయాలు రెండూ బాగున్నాయి కాబట్టి అలాగే ఉంచామని డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాశారు.

ఈ తరహా క్లినిక్‌కు వెళ్లేవారికి నా సూచనలు కొన్ని. పాత స్కానింగులు, రక్త పరీక్షలు, వాడుతున్న మాత్రల అట్టలు తీసుకెళ్లండి. మీరు అడగాలనుకున్నవి ముందే కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే ఈ డాక్టరమ్మ "ఇంకేమైనా ఉందా?" అని నిజంగా ఆగి అడుగుతారు. వెంట వెళ్లేవాళ్లు పేషెంటు మాట్లాడేదాకా ఓపిక పట్టండి. చదవడం రానివాళ్లు ఒప్పుదల పత్రాన్ని మొత్తం చదివి వినిపించమని నర్సును అడగండి, వాక్యాలు దాటేస్తుంటే ఆపి మళ్లీ చదివించుకోండి. సంతకం పెట్టే ముందు, మత్తులో ఉండగా అనుకోనిది ఏదైనా కనిపిస్తే ఏం చేస్తారో, ఏం చేయరో అడిగి, మీ జవాబును ఆ కాగితం మీదే రాయించుకోండి.